గుంట కనిపించే ఉపగ్రహానికి కౌలు రైతు కనిపిస్తాడా?

"రైతు గుర్తింపు సంఖ్య చేయించుకున్నావా?" ఏడాదిగా పల్లెల్లో ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇది. ప్రభుత్వం రైతుల జాబితాలో పేరు ఎక్కించి ఇచ్చే 11 అంకెల సంఖ్య అది. ఆధార్, పాస్‌బుక్, ఓటీపీ వచ్చే ఫోను పట్టుకుని జనం కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. మరోపక్క డ్రోన్‌తో మందు కొట్టడం, ఉపగ్రహంతో పంట నష్టం లెక్కించడం, ఫోన్‌లో ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు తెలియడం లాంటి వార్తలు. అన్నింటికీ కలిపి 'డిజిటల్ వ్యవసాయం' అని ఒకే పేరు పెట్టేశారు. దీంతో సేద్యం దశ తిరుగుతుందని కొందరు ఆశపడుతున్నారు. చివరికి భూమి మీదికే వస్తుందేమోనని కొందరికి టెన్షన్.

నిజానికి ఇవన్నీ వేరువేరు పనులు. ఒకటి బాగా పనిచేసినంత మాత్రాన ఇంకొకటి పనిచేస్తుందని చెప్పలేం. అందుకే విడివిడిగా చూద్దాం. ప్రతిదాని దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలా సంగతి తేలుతుంది. ఇది పొలాన్ని ఎంత దూరం నుంచి చూసి చెబుతోంది? చెప్పింది తప్పయితే ఆ నష్టం ఎవరు భరించాలి?

ఉపగ్రహానికి ఒక గుంట అంటే ఒక చుక్క

యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి మన పొలాల మీదుగా వెళ్తూ ఫొటోలు తీస్తాయి. ఆ ఫొటోలు ఎవరికైనా ఉచితం. ఆ ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న చోటు, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 121 గజాలు, అంటే 101 చదరపు మీటర్లు. యాదృచ్ఛికమే అయినా లెక్క భలే కుదిరింది: ఉపగ్రహం మన పొలాన్ని గుంటల్లో చూస్తోంది. సెంట్ల లెక్కలో అయితే రెండున్నర సెంట్లకు ఒక చుక్క, ఎకరానికి 40 చుక్కలు.

పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెంటి తేడాను బట్టి లెక్కగట్టే సూచీ పేరు ఎన్‌డీవీఐ. దున్నిన నేలకు అది సున్నాకు దగ్గరగా ఉంటుంది, పైరు గుబురుగా ఉంటే ఒకటి వైపు పెరుగుతుంది. పైరు ఏపుగా ఉందా, నీరసించిందా అనేది ఇలా తెలుస్తుంది. ఎందుకు నీరసించిందో మాత్రం తెలియదు. నీళ్లు తక్కువైనా, నత్రజని చాలకపోయినా, పురుగు పట్టినా పైనుంచి చూస్తే పసుపు ఒకటే.

ఇక చిన్న కమతాల సంగతి. 30 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవున్న మడి తీసుకుందాం. దాదాపు 30 గుంటలు. 30 చుక్కలు పడాలి కదా అనిపిస్తుంది. కానీ ఉపగ్రహం గళ్లు మన గట్ల వెంబడి గీసి ఉండవు. అటొకటి ఇటొకటి గడి గట్టు దాటి పక్క మడిలోకి పోతుంది. వెడల్పులో పూర్తిగా మనవి రెండు గళ్లు, పొడవులో తొమ్మిది. అంటే 18 చుక్కలే నికరంగా మన పైరు గురించి చెబుతాయి. మిగిలిన చుక్కల్లో పక్కవాడి మొక్కజొన్న, గట్టు మీది తుమ్మచెట్టు, కాలిబాట అన్నీ కలిసిపోతాయి. వందల ఎకరాలు ఒకే చెక్కగా ఉండే దేశాల్లో ఈ అంచుల తప్పు పెద్ద లెక్కలోకి రాదు. మన దగ్గర సగటు రైతుకు ఉన్నదంతా అంచే.

పైగా ఖరీఫ్ అంతా మబ్బులు. మామూలు కెమెరా మబ్బు కింద ఏముందో చూడలేదు. అందుకే రాడార్ ఉపగ్రహాలు కావాలి. మన ఇస్రో 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 అలాంటిదే. రాడార్ తరంగాలు మబ్బును దాటి వస్తాయి. నాట్లకు ముందు నీళ్లు నిలిచిన మడి వాటికి నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ వరి వేశారో పట్టుకోవడం తేలిక. కంది, పత్తి పక్కపక్కన ఉంటే మాత్రం అంత తేలిక కాదు.

పంట నష్టం లెక్కలో 30 శాతం

ఈ చుక్కల లెక్క రైతు జేబును తాకేది పంటల బీమాలో. పాత పద్ధతిలో గ్రామంలో లాటరీ తీసినట్టు కొన్ని పొలాలను ఎంచి, కొలిచిన చిన్న చెక్కలో కోత కోసి, నూర్చి, తూకం వేస్తారు. దీన్ని పంట కోత ప్రయోగం అంటారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకు సాంకేతిక పద్ధతిలో అంచనా వేసిన దిగుబడికి కనీసం 30 శాతం విలువ ఇవ్వాలని నిర్ణయించారు.

లెక్క చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. ఒక గ్రామంలో ఎకరాకు రావాల్సిన దిగుబడి 20 క్వింటాళ్లుగా పెట్టారు. బీమా మొత్తం ఎకరాకు రూ.40,000. కోత ప్రయోగంలో 18 క్వింటాళ్లు తేలింది. పాత పద్ధతిలో లోటు 10 శాతం, పరిహారం రూ.4,000. ఇప్పుడు ఉపగ్రహం అంచనా 14 క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. 18లో 70 శాతం, 14లో 30 శాతం కలిపితే 16.8. లోటు 16 శాతం, పరిహారం రూ.6,400. రైతుకు మేలే జరిగింది. అదే ఉపగ్రహం 20 చూపిస్తే కలిపిన దిగుబడి 18.6, లోటు 7 శాతం, పరిహారం రూ.2,800కు పడిపోతుంది.

దీన్ని సమర్థించేవాళ్ల మాటలో బలముంది. కోత ప్రయోగాలు సమయానికి జరగవని, కాగితం మీదే పూర్తవుతాయని, పలుకుబడి ఉన్నచోట అంకెలు మారతాయని దశాబ్దాలుగా ఫిర్యాదులున్నాయి. ఉపగ్రహాన్ని ఎవరూ ప్రభావితం చేయలేరు. సందేహించేవాళ్ల మాటలోనూ అంతే బలముంది. వరి పైకి పచ్చగా ఉన్నా కంకిలో గింజలు తాలు (లోపల బియ్యం లేని పొల్లు) కావచ్చు. పూత దశలో గాలివాన కొడితే ఆకు బాగానే ఉంటుంది, గింజ ఉండదు. పైనుంచి చూసే కన్నుకు తాలు కనిపించడం కష్టం. కోత ప్రయోగం తప్పని రైతు వాదించాలంటే తోటి రైతులను సాక్ష్యం పిలవొచ్చు. ఉపగ్రహం లెక్క తప్పని వాదించాలంటే ఎవరిని పిలవాలి? ఆ లెక్క ఎలా వచ్చిందో గ్రామంలో తెలుగులో వివరించే మనిషి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వరి లాంటి పంటకు ఈ లెక్క గ్రామం మొత్తానికి కలిపి వేస్తారు. ఊరంతా పండి మీ ఒక్క చేను మునిగితే, ఎంత మంచి ఉపగ్రహమైనా దిగుబడి లెక్కలో మిమ్మల్ని పట్టుకోదు.

దేవనకొండకు వచ్చిన సందేశం

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ), మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒక ప్రయత్నం చేశాయి. 1986 నుంచి 2015 దాకా 30 ఏళ్ల వాతావరణ లెక్కలను కంప్యూటర్‌కు ఇచ్చి, వేరుశనగ ఎప్పుడు విత్తితే మంచిదో అంచనా వేయించారు. 175 మంది రైతులకు తెలుగులో సందేశాలు పంపారు. స్మార్ట్‌ఫోన్ అవసరం లేదు, మామూలు ఫోను చాలు.

తొలకరి పడగానే జూన్ మొదట్లో విత్తడం అక్కడి అలవాటు. 'మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది' అని సామెతే ఉంది. సందేశం మాత్రం ఇంకా ఆగమంది. జూన్ చివరి వారం, అంటే ఆరుద్ర కార్తె వచ్చాక విత్తమంది. పక్క చేలల్లో గొర్రు కడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో రైతు కుటుంబాలకు చెప్పక్కర్లేదు. ఆగినవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఏడు ఇంకా వేలమందికి విస్తరించారు.

ఇక్కడ కంప్యూటర్ చెప్పింది జోస్యం కాదు, సంభావ్యత. మళ్లీ ఉదాహరణ అంకెలతో చూద్దాం. ఎకరాకు 60 కిలోల విత్తనం, కిలో రూ.120, మొత్తం రూ.7,200. ముందుగా విత్తితే పదేళ్లలో నాలుగుసార్లు బెట్టకు మొలక మాడి మళ్లీ విత్తాల్సి వస్తుంది, ఆగి విత్తితే ఒక్కసారే అనుకుందాం. పదేళ్లలో విత్తనం మీద ఆదా మూడు రెట్ల రూ.7,200, అంటే రూ.21,600. కానీ ముందుగా విత్తినవాళ్లకే వాన కలిసొచ్చే ఏళ్లూ ఉంటాయి. అలాంటివి మూడేళ్లు వచ్చి, ఆగినందుకు ఎకరాకు ఒక్కో క్వింటా తగ్గి, క్వింటా రూ.6,500 అయితే నష్టం రూ.19,500. చివరికి మిగిలేది రూ.2,100. అంకెలు కాస్త అటూఇటూ మారితే సలహా బంగారమూ కావచ్చు, ఉత్తదీ కావచ్చు. పదేళ్ల సగటుకు మంచిదైన సలహా ఈ ఏడు ముంచితే, అప్పు తీర్చాల్సింది ఈ ఏడే. 175 మంది, ఒక్క సీజన్, అందులోనూ వేరుశనగ ఒక్కటే. ఆశ పుట్టించే ఫలితమే, కానీ దాన్ని అన్ని పంటలకూ అన్ని నేలలకూ అంటగట్టకూడదు.

తెల్ల కాగితం మీద నల్ల పురుగు

ఫోన్‌లో ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు చాలా వచ్చాయి. కేంద్రం కూడా 2024 ఆగస్టు 15న జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థను తెచ్చింది. 61 పంటల మీద పనిచేసేలా దాన్ని తయారుచేశారు. వీటి వెనకున్న కృత్రిమ మేధ నేర్చుకునే తీరు సూటిగానే ఉంటుంది. 'ఇది ఫలానా తెగులు' అని శాస్త్రవేత్తలు పేరు పెట్టిన ఫొటోలను వేలకొద్దీ చూపిస్తారు. కొత్త ఫొటో వస్తే తాను చూసినవాటిలో దేనికి దగ్గరగా ఉందో అది చెబుతుంది.

మిరపలో ఇది ఎంత పనికొస్తుందో చూడండి. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పై ముడత, కింది ముడత అని రైతులు అంటూనే ఉంటారు. తామర పురుగు మందుల్లో చాలావరకు నల్లికి పనిచేయవు. వైరస్ వల్ల వచ్చే ముడతకైతే ఏ మందూ లేదు. కొత్తగా సాగులోకి దిగిన కుర్రాడు ఈ మూడింటినీ కలగలిపి, దుకాణంలో ఇచ్చిందల్లా తెచ్చి కొడతాడు. సరిగ్గా చెప్పే యాప్ ఉంటే అతనికి ఒకటి రెండు మందుల ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు 2021కి వెళ్దాం. గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అది పాత తామర పురుగు లాంటిది కాదు, ఎక్కువగా పూలల్లో చేరుతుంది. ఒక పువ్వు తుంచి తెల్ల కాగితం మీద తట్టి చూస్తే, మిల్లీమీటరు పొడవున్న నల్లని గీతల్లాంటి పురుగులు రాలి, అటూఇటూ పాకుతాయి. పూత రాలిపోయింది. ఎన్ని మందులు కొట్టినా లొంగక, తోటలు దున్నేసినవాళ్లున్నారు. ఆ మొదటి వారాల్లో ఆకు ఫొటో చూపించి ఉంటే, ఈ పురుగు ఫొటోలు ముందెప్పుడూ చూడని యంత్రం తనకు తెలిసిన పేర్లలోనే ఒకటి చెప్పి ఉండేది. తెలియదని చెప్పడం నేర్పితే తప్ప దానికి రాదు.

కొత్త పురుగును ముందుగా పట్టేది తోటలో పువ్వు తుంచి చూసే చెయ్యే. ఆ చెయ్యి తీసిన ఫొటో వెంటనే శాస్త్రవేత్త దగ్గరికి, అక్కడి నుంచి చుట్టుపక్కల మండలాలకు చేరితే, అప్పుడు ఫోను నిజంగా పని చేసినట్టు. ఆ దారి వేయడానికి యాప్‌తో పాటు మనుషులూ కావాలి.

తెల్లవారుజామున మూడింటికి చెరువు గట్టు

డిజిటల్ పరికరం సందేహం లేకుండా పనికొచ్చే చోటు చూపించమంటే నేను భీమవరం వైపు రొయ్యల చెరువులు చూపిస్తాను. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలతో కలిసి ఆ వాయువును వాడేస్తుంది. అందుకే తెల్లవారకముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. డీఓ అని రైతులు అనేది దీన్నే. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పడితే రొయ్య తట్టుకోవడం కష్టం, ఇంకా పడితే తెల్లారేసరికి తేలిపోతుంది. లక్షల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే టార్చిలైటు పట్టుకుని ఎవరో ఒకరు గట్టు మీద మేలుకునే ఉంటారు.

నీటిలో పెట్టిన సెన్సర్ డీఓ పడిపోతుంటే ఫోను మోగిస్తుంది, ఏరియేటర్లను (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలను) తానే ఆన్ చేసే ఏర్పాటూ ఉంది. విజయవాడలో పుట్టిన ఏరువాక లాంటి సంస్థలు దశాబ్దం కిందటే ఇవి తెచ్చాయి. ఇక్కడ కొలిచేది ఒకే చెరువు, ఒకే అంకె. దాన్ని బట్టి చేయాల్సిన పని నిమిషంలో చేయొచ్చు, చేసిన ఫలితం గంటలో తెలుస్తుంది. అందుకే నడుస్తుంది. సెన్సర్ మొనకు పాచి పడితే అబద్ధం చెబుతుంది కాబట్టి తుడుస్తూ ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ ఉండాలి. రైతులకు ఆ సంగతి తెలుసు.

పది లీటర్ల డ్రోన్

వీపున మోసే తైవాన్ పంపుతో ఎకరాకు వంద లీటర్లకు పైగా నీళ్లు కలిపి కొట్టే మందును డ్రోన్ పది లీటర్ల నీటితో పది నిమిషాల్లో కొట్టేస్తుంది. మందు మోతాదు అదే, నీళ్లు పదో వంతు. అంటే చినుకు చినుకులో పదిరెట్లు గాఢత. ఇందులోనే లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. విషం వీపున మోసి, పీల్చే బాధ మనిషికి తప్పుతుంది. గాలి వీస్తే మాత్రం ఆ గాఢమైన తుంపర పట్టుపురుగుల మేత కోసం పక్కన పెంచే మల్బరీ తోట మీదో, చేపల చెరువు మీదో పడుతుంది. హిందూపురం వైపు పట్టు రైతు దగ్గర ఈ మాటెత్తితే ఎంత భయపడతాడో తెలుస్తుంది. కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు 80 శాతం రాయితీతో, రూ.8 లక్షల దాకా, డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకుంది. డ్రోన్ రావడం తేలిక. బ్యాటరీలు, మరమ్మతు, సీజన్‌లో సరిపడా ఎకరాలు దొరికితేనే సంఘానికి అది ఆదాయం.

ఖమ్మం ఫలితంలో ఏది దేనివల్ల?

తెలంగాణలో 'సాగు బాగు' పేరుతో ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిరప రైతులతో చేసిన ప్రయోగం చాలాసార్లు ప్రస్తావనకు వస్తుంది. ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించిన ఫలితాలు ఇవి: ఎకరా దిగుబడి 21 శాతం పెరిగింది, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయి, ధర 8 శాతం ఎక్కువ పలికింది.

ఇందులో ఫోన్ సలహాలతో పాటు నేల పరీక్షలు, పంట నాణ్యత పరీక్ష, కొనేవాళ్లతో కలిపే వేదిక కూడా ఉన్నాయి. మరి 21 శాతంలో కృత్రిమ మేధ వాటా ఎంత, శ్రద్ధగా చేసిన నేల పరీక్ష వాటా ఎంత? విడదీయడం కష్టం. మిరపలో తాలు కాయలను, రంగును మిషన్ కొలిచి కాగితం ఇస్తే, యార్డులో దళారి 'సరుకు బాలేదు' అనడానికి వీల్లేకుండా పోతుంది. ఆ 8 శాతం వెనక ఇలాంటి మామూలు సంగతే ఉండొచ్చని నాకనిపిస్తుంది.

11 అంకెల సంఖ్యలో ఎవరి పేరు?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కేంద్రం 2024 సెప్టెంబరులో రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దాని పునాది అగ్రిస్టాక్. ఇందులో మూడు జాబితాలుంటాయి: రైతుల జాబితా, గ్రామాల భూమి పటాలు, ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో చెప్పే జాబితా. మూడింటినీ కలిపితే ఫలానా రైతు ఫలానా చోట ఫలానా పంట వేశాడని ఒక్క చోట తెలుస్తుంది. రైతుకు ఇచ్చే 11 అంకెల సంఖ్య ఆ జాబితాల మధ్య దారం. అది భూమి హక్కు పత్రం కాదు. దాంతో కొత్త హక్కు రాదు, ఉన్న హక్కు పోదు.

లాభం కళ్లకు కనిపించేదే. రుణానికీ, ఎరువుకీ, బీమాకీ ప్రతిసారీ అవే కాగితాలు జిరాక్సు తీయించే తిప్పలు తగ్గొచ్చు. అనుమానం కూడా న్యాయమైనదే. ఈ సమాచారం ఎవరెవరికి చేరుతుంది? ఏ మండలంలో ఏ పంటకు ఏ పురుగొచ్చిందో మందుల కంపెనీకి ముందే తెలిస్తే మంచి మందు త్వరగా రావొచ్చు, ధరా పెరగొచ్చు. వ్యక్తిగత సమాచారం వాడాలంటే సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రధానంగా చెబుతోంది. ఓటీపీ చెప్పడమే సమ్మతి అయిపోతే, దేనికి ఒప్పుకున్నాడో రైతుకు తెలిసేదెలా?

పంట జాబితా ఎలా తయారవుతుందో కూడా చూడాలి. ఎవరో ఒకరు చేను దగ్గరికి వెళ్లి ఫొటో తీయాలి. తెలంగాణలో ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పరిధి సుమారు 5,000 ఎకరాలు. సగటు చెక్క రెండెకరాలనుకుంటే 2,500 ఫొటోలు. ఎండలో, బురదలో, రోజుకు 50 తీసినా 50 రోజులు. 2024 అక్టోబరులో అక్కడి ఏఈఓలు ఈ పని తమవల్ల కాదని నిరసనకు దిగారు. పని భారానికి ఎక్కడో కూర్చుని పాత ఫొటోలు ఎక్కిస్తే, ఆ తప్పు మీదే మిగతా కంప్యూటర్ లెక్కలన్నీ నిలబడతాయి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది కౌలు రైతు సంగతి. గుర్తింపు సంఖ్య భూమి రికార్డు నుంచి మొదలవుతుంది. రికార్డులో ఉండేది భూమి యజమాని. గోదావరి జిల్లాల్లో, కృష్ణా డెల్టాలో దుక్కి దున్నేది చాలాచోట్ల కౌలుదారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం వీళ్లకు కార్డులివ్వాలనే తెచ్చినవి. 2019 చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేయాలి. ఎక్కువ కౌళ్లు నోటిమాట మీదే నడుస్తాయి కాబట్టి సంతకం దగ్గరే కథ ఆగిపోతుంది. యజమానులందరినీ తప్పుబట్టలేం. ఆ భూమి మీద కౌలుదారు పంట రుణం తీసుకుంటే తనకు బ్యాంకులో అప్పు పుట్టదని, రికార్డులో పేరెక్కితే రేపు ఏమవుతుందోనని భయపడేవాళ్లలో రెండెకరాలే ఆధారమైన ఒంటరి ఆడవాళ్లూ ఉన్నారు.

ఈ చిక్కు కాగితాల రోజుల్లోనూ ఉంది. కానీ అప్పుడు ఊరికి తెలిసిన నిజం, కాగితం మీది నిజం పక్కపక్కన బతికేవి. ఎవరు పండించారో ఊరికి తెలుసు కనుక సర్దుకునేవారు. పేరు, ఆధార్, బ్యాంకు ఖాతాలను కంప్యూటర్ కలిపి కట్టేశాక సర్దుకోవడానికి సందు ఉండదు.

నాలుగెకరాలు కౌలుకు చేసిన రైతు కళ్లంలో నిలబడి చూద్దాం. ఎకరాకు 25 చొప్పున 100 క్వింటాళ్ల ధాన్యం రాశి పోసి ఉంది. 2025-26 సాధారణ రకం మద్దతు ధర రూ.2,369 చొప్పున రూ.2,36,900. విత్తనం, ఎరువు, కోత మిషన్ బాడుగ, వడ్డీ అన్నీ ఆయనవే. పంట నమోదులో సాగుదారు గడిలో యజమాని పేరుంటే, కొనుగోలు కేంద్రంలో యంత్రం అడిగే వేలిముద్ర హైదరాబాద్‌లో ఉన్న యజమానిది. డబ్బు పడేది ఆయన ఖాతాలో. మంచి యజమాని అయితే నాలుగు రోజుల్లో పంపిస్తాడు. లేదంటే కౌలుదారు ఆ రాశిని తక్కువ ధరకు దళారికే అమ్ముకుంటాడు. నమోదు జరిగిన రోజున పొలం గట్టు మీద నిలబడిన మనిషిని 'ఇది ఎవరు సాగు చేస్తున్నారు?' అని అడిగి, ఆ పేరు ఆ గడిలో రాసి ఉంటే ఈ రూ.2,36,900 నేరుగా కౌలు రైతు ఖాతాలోకి వచ్చేది.